ఆడవాళ్ళ కోసమే యుద్ధం అంటే ముందు ఏ కాగితాలు తీసి చూడాలి?

"తాలిబన్లు ఆడపిల్లల్ని బడి మాన్పించారు, రోడ్డు మీద కొరడాలతో కొట్టారు. అమెరికా వెళ్ళి వాళ్ళని దించేసింది. ఆడవాళ్ళకి మేలే కదా జరిగింది? దీన్ని కూడా తప్పుపడితే స్త్రీవాదులు తాలిబన్లని వెనకేసుకొచ్చినట్టు కాదా?" ఇదీ ప్రశ్న. కాలేజీ డిబేట్లలోనూ టీవీ చర్చల్లోనూ దాదాపు ఇవే మాటల్లో వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ చివరి ముక్క సంగతి తేల్చేద్దాం. 1999 నవంబరులో కాబూల్ ఘాజీ స్టేడియంలో జనం చూస్తుండగా ఒక తల్లిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తలలో కాల్చి చంపారు. బురఖా కింద కెమెరా దాచుకుని ఆ దృశ్యం తీసి బయటికి పంపింది 'రావా' కార్యకర్తలు. ఆఫ్ఘన్ మహిళల విప్లవ సంఘం అది. 1977లో కాబూల్‌లో మీనా అనే యువతి పెట్టింది. ఆమెను 1987లో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో హత్య చేశారు. తాలిబన్ల హయాంలో ఇళ్ళలో దొంగచాటుగా ఆడపిల్లలకు పాఠాలు చెప్పింది కూడా ఈ సంఘమే. 2001 అక్టోబరులో బాంబులు పడుతుంటే వద్దని ప్రకటన ఇచ్చిందీ ఇదే సంఘం. తాలిబన్లంటే ఏమిటో వీళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా వద్దన్నారంటే కారణం వేరే ఉండాలి కదా.

ఆ కారణం అర్థం కావడానికి సిద్ధాంత గ్రంథాలు తిరగేయక్కర్లేదు, కాగితాలు చాలు. దాదాపు ప్రతి యుద్ధం వెనకా ఒక ప్రసంగం, ఒక షరతుల చిట్టా, యుద్ధానికి అనుమతించే తీర్మానం, ఆఖర్న ఒక ఒప్పందం ఉంటాయి. ఆడవాళ్ళు వీటిలో ఎక్కడ కనబడుతున్నారు, ఎక్కడ మాయమైపోతున్నారు అని చూడండి. నా దృష్టిలో ఇంతకంటే నిక్కచ్చి పరీక్ష లేదు.

ఆఫ్ఘనిస్తాన్ విషయంలో చూద్దాం. 2001 సెప్టెంబరు 20న అమెరికా కాంగ్రెస్ ముందు అధ్యక్షుడు బుష్ చేసిన ప్రసంగంలో ఆడవాళ్ళని బడికి పోనివ్వరు అన్న మాట ఉంది. అది తాలిబన్లు ఎంత చెడ్డవాళ్ళో వర్ణించే పేరాలో ఉంది. కాస్త కిందకి వస్తే షరతులు మొదలవుతాయి: అల్‌ఖైదా నాయకుల్ని అప్పగించండి, జైల్లో పెట్టిన విదేశీయుల్ని వదలండి, విలేకరులకీ దౌత్యవేత్తలకీ సహాయ సిబ్బందికీ రక్షణ ఇవ్వండి, శిక్షణ శిబిరాలు మూసేయండి, మూశారో లేదో చూసుకోడానికి మమ్మల్ని రానివ్వండి. అంతే. బళ్ళు తెరవమన్న షరతు లేదు. అంటే ఆ ఐదింటికీ తాలిబన్లు తల ఊపి ఉంటే, ఆడపిల్లలు ఇళ్ళలోనే ఉండగా యుద్ధం ఆగిపోయేది. అంతకు ఆరు రోజుల ముందు, సెప్టెంబరు 14న, ప్రతినిధుల సభ 420–1 ఓట్లతో ఆమోదించిన బలప్రయోగ తీర్మానంలోనూ ఆడవాళ్ళ ఊసు లేదు. వ్యతిరేకంగా పడ్డ ఆ ఒక్క ఓటూ కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీది.

మరి ఆడవాళ్ళు ముందు వరసలోకి ఎప్పుడొచ్చారు? తేదీలు పక్కపక్కన పెట్టండి. బాంబులు మొదలైంది అక్టోబరు 7. తాలిబన్లు కాబూల్ వదిలిపోయింది నవంబరు 13. అధ్యక్షుడు వారం వారం చేసే రేడియో ప్రసంగాన్ని ఆయన బదులు భార్య లారా బుష్ పూర్తిగా తానే చేసి, ఉగ్రవాదం మీద పోరాటమంటే ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాటం కూడా అని చెప్పింది నవంబరు 17న. యుద్ధం మొదలైన 41 రోజులకి, రాజధాని చేతికొచ్చిన నాలుగు రోజులకి. ఆడవాళ్ళ మీద తాలిబన్ల యుద్ధం పేరుతో అమెరికా విదేశాంగ శాఖ నివేదిక విడుదలైందీ ఆ రోజే. మరో రెండు రోజులకి లండన్‌లో బ్రిటన్ ప్రధాని భార్య చెరీ బ్లెయిర్ ఇదే సంగతి మాట్లాడారు. నివేదికలో రాసినవి అబద్ధాలని కాదు, చాలావరకు నిజాలే. కానీ నిజాన్ని కూడా ఎప్పుడు, ఎందుకు బయటికి తీశారన్నది చూడాలి.

తర్వాత చూడాల్సింది పొత్తులు. నేల మీద అమెరికా తరఫున పోరాడింది నార్తర్న్ అలయన్స్ అనే తాలిబన్ వ్యతిరేక కూటమి. ఆ కూటమిలోని ముఠాలు 1992 నుంచి 1996 దాకా కాబూల్‌ని పంచుకుని ఒకరి పేటల మీద ఒకరు రాకెట్లు వేసుకున్నాయి. 1993 ఫిబ్రవరిలో కాబూల్‌లోని అఫ్షార్ పేటలో హజారాలనే మైనారిటీ తెగ మీద జరిగిన హత్యలూ అత్యాచారాలూ హక్కుల సంఘాల నివేదికల్లో నమోదై ఉన్నాయి. రావా భయమంతా ఇదే: ఒక మూకని దించి ఇంకో మూకని ఎక్కిస్తున్నారు. భయపడ్డట్టే అయింది. మహిళా వ్యవహారాల తొలి మంత్రి సీమా సమర్ మీద 2002లోనే దైవదూషణ ముద్ర వేసి ఆ పదవి నుంచి తప్పించారు. 2003 డిసెంబరులో రాజ్యాంగం కోసం కూర్చున్న లోయా జిర్గా అనే మహాసభలో మలాలై జోయా అనే ఇరవై అయిదేళ్ళ అమ్మాయి లేచి, ఈ యుద్ధ ప్రభువుల్ని ఇక్కడ కూర్చోబెట్టడమేమిటి, కోర్టులో నిలబెట్టాలి గానీ అంది. మైకు ఆపేశారు. తర్వాత పార్లమెంటుకి గెలిచింది. 2007లో అక్కడి నుంచీ సస్పెండ్ చేశారు. అదే ఏడాది అదే పార్లమెంటు, గత యుద్ధాల నేరాలకు పాల్పడ్డవాళ్ళందరికీ క్షమాభిక్ష చట్టం చేసుకుంది. 2009లో ఆఫ్ఘన్ అధ్యక్షుడు కర్జాయ్ సంతకం పెట్టిన షియా కుటుంబ చట్టం మీద ప్రపంచమంతా గోల చేస్తే సవరించారు. సవరించాక కూడా, భర్త కోరిక తీర్చని భార్యకి పోషణ ఆపేయొచ్చన్న అర్థం వచ్చే నిబంధన మిగిలింది. ఇదంతా నాటో సైన్యాలు అక్కడ ఉండగానే, వాళ్ళు కాపలా కాసిన ప్రభుత్వంలోనే జరిగింది.

ఇక్కడ ఒక మాట. ఇది అమెరికా కనిపెట్టిన విద్య కాదు. 1978 అక్టోబరులో కాబూల్ కమ్యూనిస్టు ప్రభుత్వం ఏడో నంబరు డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, తెచ్చింది. పెళ్ళి వయసు ఆడపిల్లకి 16, మగపిల్లాడికి 18. పెళ్ళికూతురి పేర పెట్టే మెహర్ 300 ఆఫ్ఘనీలు దాటకూడదు. చదవడానికి మంచి చట్టమే. కానీ ఊళ్ళలో దాన్ని తుపాకీ పట్టుకుని అమలు చేయబోయారు. తిరుగుబాటు రేగింది. మరుసటేడు డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది. ఆడవాళ్ళ విముక్తి అన్న మాట అప్పుడూ వినపడింది. రావా అప్పుడూ ఆక్రమణని వ్యతిరేకించింది. మన దగ్గర కొందరు వామపక్ష మిత్రులకి 2001 మాత్రమే గుర్తుంటుంది, 1979 గుర్తుండదు. అటు అమెరికా సంగతీ అంతే. సోవియట్లని ఓడించడానికి పాకిస్తాన్ గూఢచారి సంస్థ ద్వారా డబ్బూ ఆయుధాలూ పంపిన పదేళ్ళలో, అందులో పెద్ద వాటా ముజాహిదీన్ నాయకుడు హెక్మత్యార్ లాంటి ఛాందసుడికే పోతున్నా, ఆడవాళ్ళ సంగతేమిటని అడిగిన పాపాన పోలేదు.

ఇంకా వెనక్కి పోతే వలస పాలన. ఈజిప్టుని 1883 నుంచి 1907 దాకా బ్రిటన్ తరఫున ఏలిన లార్డ్ క్రోమర్, ఈ దేశం బాగుపడకపోవడానికి కారణం ఆడవాళ్ళకి ముసుగేసి అణచడమేనని రాశాడు. అదే క్రోమర్ ఈజిప్టు బళ్ళలో ఫీజులు పెంచాడు. ఇంగ్లండు తిరిగొచ్చాక ఆడవాళ్ళకి ఓటు హక్కు వద్దనే మగవాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. చరిత్రకారిణి లైలా అహ్మద్ 1992లో ఈ వైనాన్ని విప్పి చెప్పి, దానికి వలసవాద స్త్రీవాదం అని పేరు పెట్టారు. అల్జీరియాలో 1958 మేలో ఫ్రెంచి సైన్యం అండతో ఆడవాళ్ళని వేదికెక్కించి ముసుగులు తీయించిన తంతూ ఇలాంటిదే. మన కథ చెప్పాలంటే 1927లో అమెరికా రచయిత్రి కేథరిన్ మేయో, బాల్య వివాహాలూ ప్రసవాల్లో చావులూ చూపించి, ఇలాంటివాళ్ళకి స్వరాజ్యమా అని పుస్తకం రాసింది. బాల్య వివాహాలు అబద్ధమా? కాదు. వాటి మీద మన ఆడవాళ్ళే పోరాడుతున్నారన్న ముక్క మింగేయడంలో ఉంది మోసం. 1829 నాటి సతీ నిషేధం మీద ఆలోచిస్తూ సిద్ధాంతకర్త గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1988లో చెప్పిందీ దీని గురించే. గోధుమరంగు ఆడవాళ్ళని గోధుమరంగు మగవాళ్ళ నుంచి తెల్ల మగవాళ్ళు కాపాడటం అనే కథ అది. అవతల మన పండితులు, ఆవిడే కోరుకుని చితి ఎక్కిందన్నారు. రెండు కథల మధ్యా ఆవిడ ఏమనుకుందో ఎక్కడా నమోదు కాలేదు.

సైన్యంతో తెచ్చిన మేలు ఎందుకు బెడిసికొడుతుంది అన్నది అసలు ప్రశ్న. ఒక హక్కు పరాయి సైన్యంతో ముడిపడిందంటే, ఆ హక్కు అడిగే స్థానిక స్త్రీ మీద 'విదేశీ ఏజెంటు' ముద్ర ఉచితంగా పడిపోతుంది. ఉదాహరణకి, ఆడవాళ్ళ మీద హింసని నేరంగా ప్రకటించే చట్టం 2009లో అధ్యక్షుడి డిక్రీ రూపంలో వచ్చింది. డిక్రీని రేపు ఇంకో అధ్యక్షుడు కొట్టేస్తాడేమోనని 2013 మేలో పార్లమెంటులో పెట్టారు. పెట్టొద్దు, ఉన్నది కూడా పోతుందని తోటి ఉద్యమకారిణులే హెచ్చరించారు. చర్చ చివరిదాకా సాగలేదు. మత వ్యతిరేకమంటూ సభ్యులు లేచేసరికి ఆపేశారు. సొంతంగా ఊళ్ళలో బలం కట్టుకోని హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. కాపలా సైన్యం కదిలిన రోజున ఆ కాగితం కూడా ఉండదు.

లెక్కలు చూపిస్తే కళ్ళు మూసుకుని నమ్మకండి. ప్రసూతి మరణాలు లక్ష కాన్పులకి 1,600 నుంచి 327కి పడిపోయాయని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. మొదటి అంకె 2002 నాటి సర్వేది, అది చూసింది నాలుగంటే నాలుగు జిల్లాలు. రెండోది 2010 సర్వేది. 2015 సర్వేలో వచ్చింది 1,291. ఈ పోలికే చెల్లదని అమెరికా ప్రభుత్వం నియమించిన ఆఫ్ఘన్ పునర్నిర్మాణ తనిఖీ సంస్థే 2017లో రాసింది. ఆ సంస్థే మరుసటేడు, 75,000 మంది మహిళల్ని పైకి తెస్తామని 2014లో మొదలుపెట్టిన 'ప్రమోట్' పథకాన్నీ తనిఖీ చేసింది. అప్పటికి దాదాపు 9 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, ఫలితం చూపించే ఆధారాలు దొరకలేదు. శిక్షణకి హాజరైనవాళ్ళని లెక్కపెట్టారు గానీ ఉద్యోగం వచ్చిందా, ఉందా, ఊడిందా అని కాదు. ఇలాంటి నివేదిక చేతికొస్తే 'హాజరు' అన్న అంకె వేరు, 'ఫలితం' అన్న అంకె వేరు అని గీత గీసుకుని చదవండి.

ఇదంతా స్త్రీవాదుల అనుమానం మాత్రమే అనేవాళ్ళకి 2010 మార్చి 11 తేదీతో ఉన్న సీఐఏ మెమో ఒకటి చూపించొచ్చు. వికీలీక్స్ బయటపెట్టింది. సైన్యాలు వెనక్కి పిలవాలా వద్దా అన్న గొడవలో అంతకు మూడు వారాల ముందే నెదర్లాండ్స్ ప్రభుత్వం పడిపోయింది. ఫ్రాన్స్, జర్మనీ కూడా జారిపోతే ఎలా అన్నది ఆ మెమో బెంగ. అందులో ఇచ్చిన సలహాల్లో ఒకటి: యుద్ధం గురించి ఆఫ్ఘన్ ఆడవాళ్ళ చేత మాట్లాడించండి, వాళ్ళ ఆశలూ భయాలూ మీడియాలో వచ్చేలా చూడండి, ఐరోపా ఆడవాళ్ళలో వ్యతిరేకత తగ్గుతుంది. ఆ ఆగస్టులోనే ఒక పేరున్న అమెరికన్ వారపత్రిక, ముక్కు కోసేసిన అమ్మాయి ఫొటో ముఖచిత్రంగా వేసి, మనం వెళ్ళిపోతే ఏమవుతుందో చూడండన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ఆ అమ్మాయికి ఆ ఘోరం జరిగింది వాళ్ళు వెళ్ళిపోయాక కాదు, ఉండగానే.

ఆఖరి కాగితం 2020 ఫిబ్రవరి 29 నాటి దోహా ఒప్పందం. అమెరికా, తాలిబన్లు సంతకాలు చేశారు. ఆఫ్ఘన్ ప్రభుత్వం అందులో పక్షమే కాదు. సైన్యం ఎన్ని నెలల్లో కదలాలి, ఎంతమంది ఖైదీలని వదలాలి, అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. ఆడవాళ్ళ హక్కులన్న మాట వెతికినా దొరకదు. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య. షరతుల చిట్టాలో మొదటి రోజు లేనిది ఒప్పందంలో చివరి రోజు లేకపోవడంలో వింతేముంది?

అలాగని రెండో వైపు లేదనడం నిజాయితీ కాదు. ఆ ఇరవై ఏళ్ళలో దిగువ సభలోని 249 సీట్లలో 68 ఆడవాళ్ళకి కేటాయించారు. కాబూల్, హెరాత్, మజార్ లాంటి ఊళ్ళలో ఒక తరం అమ్మాయిలు డాక్టర్లూ లాయర్లూ జడ్జీలూ అయ్యారు. హెల్మండ్ పల్లెల్లో రాత్రి దాడులూ బాంబులూ చూసిన ఆడవాళ్ళకి అవే ఇరవై ఏళ్ళు వేరేగా గుర్తుంటాయి. రెండూ నిజమే. 2021లో సైన్యం వెళ్ళొద్దని అడిగిన ఆఫ్ఘన్ మహిళలున్నారు. మీరు సిద్ధాంతాలు మాట్లాడుతుంటే మా బళ్ళు మూతపడుతున్నాయని పాశ్చాత్య స్త్రీవాదుల మీద విరుచుకుపడినవాళ్ళూ ఉన్నారు. ఆ కోపంలో న్యాయముంది. మానవశాస్త్రవేత్త లీలా అబూ లుఘద్ 2002 నాటి ప్రసిద్ధ వ్యాసంలో, ముస్లిం స్త్రీని కాపాడాలన్న తాపత్రయాన్ని ప్రశ్నించారు. ఆ ప్రశ్నని పట్టుకుని, ఎవరి సంస్కృతి వాళ్ళది, మనకెందుకు అని చేతులు దులుపుకోవడం ఆ వ్యాసాన్ని తలకిందులుగా చదవడమే.

స్త్రీవాదమంటే అహింసావాదం అనుకోవడం ఇంకో పొరపాటు. 2022 మార్చిలో పలు దేశాల స్త్రీవాదులు యుద్ధానికి వ్యతిరేకంగా ఒక ప్రకటన ఇస్తే, జులైలో ఉక్రెయిన్ స్త్రీవాదులు ప్రతిఘటించే హక్కు పేరుతో జవాబిచ్చారు. మా మీదికి వచ్చిన సైన్యాన్ని మేం తుపాకీతోనే ఆపుతాం, మాకు ఆయుధాలు కావాలి అని. సిరియాలో కుర్దు మహిళా దళాలు ఐసిస్‌తో పోరాడాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ అడుగుతున్నది ఆ ఆడవాళ్ళే. వాళ్ళ పేరు చెప్పి ఇంకొకరు అడగడం లేదు.

ఈ తేడా 2025 జూన్‌లో ఇరాన్ మీద దాడులప్పుడు మళ్ళీ కనబడింది. 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' అన్నది కుర్దు ఉద్యమం నుంచి వచ్చి, 2022 సెప్టెంబరులో మహ్సా జీనా అమీనీ అనే యువతి నైతిక పోలీసుల కస్టడీలో చనిపోయాక ఇరాన్ వీధుల్లో మారుమోగిన నినాదం. దాడులు మొదలుపెట్టిన రోజునే ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఇరానీయుల నుద్దేశించి ఇదే నినాదం పలికాడు. పది రోజులకి, జూన్ 23న, టెహరాన్‌లోని ఎవిన్ జైలు మీద బాంబులు పడ్డాయి. ఆ నినాదం చేసినందుకు అరెస్టయిన ఆడవాళ్ళని పెట్టిన జైలు అది. నోబెల్ పొందిన నర్గెస్ మొహమ్మదీ, షిరిన్ ఇబాదీ ఇద్దరూ ఇరాన్ పాలకుల బద్ధ వ్యతిరేకులు. ఇద్దరూ యుద్ధం ఆపమన్నారు.

మన దగ్గరి సంగతి కూడా అడుగుతారు కాబట్టి: 2025 మే 7 నాటి ఆపరేషన్ సిందూర్ ఈ కోవలోకి అచ్చంగా రాదు. అక్కడ చెప్పిన కారణం పహల్గాంలో 26 మందిని చంపిన ఉగ్రదాడి. హక్కుల మాట ఎవరూ అనలేదు. కానీ పేరు పెట్టింది బొట్టు మీద. స్త్రీవాదులు పట్టుకున్నది దీన్నే: ఆడదాని నష్టాన్ని మగడి గుర్తుతోనే ఎందుకు కొలవాలని. అంతకంటే గట్టి ఉదాహరణ ఇంకోటుంది. ఆ దాడిలో భర్తని పోగొట్టుకున్న ఒక యువతి, న్యాయం కావాలి గానీ ముస్లింల మీదా కశ్మీరీల మీదా పడొద్దు అంది. సోషల్ మీడియాలో ఆవిడని ఎంత తిట్టారంటే, జాతీయ మహిళా కమిషన్ ఖండించాల్సి వచ్చింది. సిందూరం కావాలి, అది పోయినావిడ మాట మాత్రం అక్కర్లేదు.

"సరే, యుద్ధం వద్దంటే ఏం చేయాలి?" ఇది న్యాయమైన ప్రశ్న. బాంబులంత గట్టిగా పేలవు గానీ మార్గాలున్నాయి. 2025 జులై 8న అంతర్జాతీయ నేర న్యాయస్థానం, స్త్రీలని స్త్రీలైనందుకు వేధించిన నేరం మీద తాలిబన్ అధినేత అఖుంద్‌జాదాకీ ప్రధాన న్యాయమూర్తికీ అరెస్టు వారంట్లు జారీ చేసింది. డబ్బు సంగతీ చూడాలి. 2021 ఆగస్టు తర్వాత ఆఫ్ఘన్ కేంద్ర బ్యాంకు సొమ్ము సుమారు 700 కోట్ల డాలర్లు అమెరికాలో స్తంభించిపోయింది. జీతాలు ఆగి, బజారు పడిపోయి ఆకలి ముందుగా చేరింది మగదిక్కు లేని ఇళ్ళకే.

అన్నిటికంటే తేలికైనది ఆశ్రయం. సైన్యం అక్కర్లేదు, సంతకం చాలు. 2024 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానం, ఆఫ్ఘన్ జాతీయురాలు, స్త్రీ అన్న రెండు సంగతులు రుజువైతే చాలు, శరణార్థి హోదాకి ఇంకే ఆధారం అడగక్కర్లేదని తీర్పిచ్చింది. అమెరికా 2025 జనవరిలో శరణార్థుల రాకని ఆపేసింది, మేలో ఆఫ్ఘన్లకి ఇచ్చిన తాత్కాలిక రక్షణని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది, జులైలో అది అమల్లోకి వచ్చింది. ఈసారి ఎవరైనా ఫలానా దేశం ఆడవాళ్ళ కోసమే యుద్ధమంటే, షరతుల చిట్టాతో పాటు ఆ దేశపు ఆడవాళ్ళకి వాళ్ళు ఆ ఏడాది ఎన్ని వీసాలిచ్చారో కూడా తీసి చూడండి.